కంప్యూటరు మొరాయిస్తే: దుకాణానికి తీసుకెళ్లే ముందు ఇంట్లో చేయవలసిన పనులు



చెడిపోవడానికి కంప్యూటరు ముహూర్తం చూసుకోదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు గడువు రేపనగానో, ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీయవలసిన రోజునో మొరాయిస్తుంది. వెంటనే దాన్ని బండి మీద పెట్టుకుని దుకాణానికి పరుగెడతాం. అక్కడ చాలాసార్లు వినబడే మాట ఒకటే: "ఫార్మాట్ చేసేద్దాం సార్." ఫార్మాట్ చేస్తే కంప్యూటరు బాగుపడవచ్చు. కాని అందులో ఉన్న మార్కుల జాబితాలు, ఆదాయ ధ్రువపత్రం స్కాన్ కాపీ, తాతగారి ఫొటోలు, రెండేళ్ల నోట్సు పోతాయి. పెట్టెను మళ్లీ కొనుక్కోవచ్చు. అందులో దాచుకున్నది ఏ అంగట్లోనూ దొరకదు.

అందుకని ఈ పాఠంలో రెండు విషయాలు నేర్చుకుందాం. ఒకటి, లోపం ఎక్కడుందో వెలుపలి నుంచి లోపలికి వరుసగా వెతకడం. రెండు, ఏ మరమ్మతుకైనా ముందు ఫైళ్లకు నకలు తీసుకోవడం. వీటికి ఇంజనీరింగు చదివి ఉండనక్కరలేదు. హైస్కూలు విద్యార్థులు పెద్దలను పక్కన పెట్టుకుని చేయగల పనులే ఇవి.

1. మొదట అడగవలసిన ప్రశ్నలు

డాక్టరు నాడి చూసే ముందు "ఎప్పటి నుంచి?" అని అడుగుతాడు. మనమూ అలాగే మొదలుపెట్టాలి.

నిన్న బాగా పనిచేసి నేడు చేయడం లేదంటే, ఈ మధ్యలో ఏం మారింది? కొత్త ప్రోగ్రాము వేశారా? ఎవరిదైనా పెన్ డ్రైవ్ పెట్టారా? ఇల్లు ఊడ్చేటప్పుడు బల్ల జరిపారా? కరెంటు పోయి వచ్చిందా? సగం సమస్యలకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

తెర మీద ఏమని రాసి ఉంది? నీలం తెర మీద వచ్చే సందేశాన్ని కంగారుగా మూసేయకండి. ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచండి. అందులోని "స్టాప్ కోడ్" అనే మాట పక్కన ఉండే పేరు బాగుచేసేవారికి చాలా ఉపయోగం.

ఇబ్బంది ప్రతిసారీ వస్తోందా, అప్పుడప్పుడూ వస్తోందా? అరగంట నడిచాక మాత్రమే వస్తే వేడి కారణం కావచ్చు. ఒక్క ప్రోగ్రాములోనే వస్తే లోపం యంత్రంలో కాక ఆ ప్రోగ్రాములో ఉండవచ్చు.

ఇంకొక నియమం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు తీగలు ఒకేసారి మార్చి, నాలుగు సెట్టింగులు ఒకేసారి సవరిస్తే, దేనివల్ల బాగైందో తెలియదు. బాగుకాకపోతే పాత స్థితికి తేవడమూ కష్టం.

2. కరెంటు దగ్గర మొదలుపెట్టండి

బటను నొక్కినా చలనం లేకపోతే గోడ దగ్గర నుంచి రండి. ఆ ప్లగ్గులో ఫోను చార్జరు పెట్టి చూడండి. తర్వాత ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని తర్వాత యూపీఎస్, ఆపైన కంప్యూటరు వెనుక తీగ. డెస్క్‌టాప్ క్యాబినెట్ వెనుక, తీగ దూర్చే చోట చిన్న స్విచ్చు ఉంటుంది. తుడిచేటప్పుడు చేయి తగిలి అది ఆఫ్ అవడం తరచుగా జరిగేదే. మానిటరుకు వేరే తీగ, వేరే బటను ఉంటాయని కూడా మరువవద్దు.

లాప్‌టాప్ బిగుసుకుపోయి స్పందించకపోతే చార్జరు తీసేసి, పవర్ బటనును సుమారు 20 సెకన్లు నొక్కి పట్టండి. తర్వాత చార్జరు పెట్టి మళ్లీ ఆన్ చేయండి. చాలాసార్లు ఇంతటితోనే లేస్తుంది.

మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది తరచూ హెచ్చుతగ్గులవుతుంటే, లేదా ఉన్నట్టుండి పోతుంటే డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్పనిసరి. 600 వీఏ యూపీఎస్ మామూలు డెస్క్‌టాప్‌ను కొన్ని నిమిషాలే నిలబెడుతుంది. అది పని కొనసాగించడానికి కాదు, ఫైలు భద్రపరచి కంప్యూటరును పద్ధతిగా ఆపడానికి. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దాని మీద "యూపీఎస్ మోడ్" అనే స్విచ్చు ఉందేమో చూడండి. ఆ మోడ్‌లో లేకపోతే కరెంటు పోయిన క్షణంలో కంప్యూటరు ఆగి మళ్లీ మొదలు కావచ్చు. లేజర్ ప్రింటరును మాత్రం యూపీఎస్ బ్యాటరీ ప్లగ్గుకు పెట్టకండి. అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది.

మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల ముక్కకు తగిలించి వాడే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దానివల్ల ఎర్త్ తెగిపోతుంది. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమనడం దీనికి గుర్తు. వెంటనే ఎలక్ట్రీషియన్‌కు చెప్పి ఎర్త్ సరిచేయించండి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ప్లగ్గు తీసేయండి. మోడెం నుంచి కంప్యూటరుకు వచ్చే నెట్‌వర్క్ తీగ కూడా తీయాలి. ఒడిశా తీరంలోనూ, యానాంలోనూ ఉండేవారికి ఇది మరీ ముఖ్యం.

3. ఫ్యాను తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది

ముందు మానిటరు తీగ రెండు కొసలూ బిగించి చూడండి. క్యాబినెట్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీగను ఆ కార్డుకే తగిలించాలి. మానిటరు మీద "నో సిగ్నల్" అని కనబడితే మానిటరు బాగానే ఉందనీ, కంప్యూటరు నుంచి దానికి ఏమీ అందడం లేదనీ అర్థం.

తర్వాతి అనుమానం ర్యామ్ మీద. కంప్యూటరు బీప్ బీప్ అని అరుస్తుంటే ఇదే కారణం కావచ్చు. డెస్క్‌టాప్ అయితే ఇంట్లోనే చూడవచ్చు. స్విచ్చు ఆపి, ప్లగ్గు పూర్తిగా పీకేయండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. చేతిలో ఉండే స్థిర విద్యుత్తు పోతుంది. రెండు వైపులా ఉన్న క్లిప్పులు వెనక్కి నొక్కితే ర్యామ్ బయటికి వస్తుంది. దాని బంగారు రంగు పళ్ల మీద మామూలు పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొడి పూర్తిగా దులిపి, గాడి సరిచూసుకుని, "టక్" మని శబ్దం వచ్చేలా తిరిగి నొక్కండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ పళ్లకు మకిలి తొందరగా పడుతుంది. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. ఏది చెడిందో తేలిపోతుంది.

ఒక్క హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్ అనే ఇనుప డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దాని లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలవ ఉంటుంది.

4. తేదీ తప్పితే వెబ్‌సైటు తెరుచుకోదు

దరఖాస్తు చేసే వెబ్‌సైటు తెరిస్తే "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తుంది. ఫోనులో అదే సైటు చక్కగా తెరుచుకుంటుంది. ఇలాంటప్పుడు కంప్యూటరు తెర మూలనున్న తేదీ చూడండి. అక్కడ ఏళ్ల కిందటి తేదీ కనబడితే కారణం దొరికినట్లే. సురక్షితమైన వెబ్‌సైటు ప్రతిదానికీ గడువు తేదీలతో కూడిన సర్టిఫికెట్ ఉంటుంది. కంప్యూటరు తన తేదీతో దాన్ని సరిపోల్చుకుంటుంది. తన తేదీ తప్పయితే మంచి సైటును కూడా అనుమానిస్తుంది.

తేదీ సరిచేస్తే సైటు తెరుచుకుంటుంది. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోయిందని అర్థం. చాలా డెస్క్‌టాప్‌లలో అది సీఆర్ 2032 అనే 3 వోల్టుల బ్యాటరీ. గడియారాల దుకాణంలోనూ దొరుకుతుంది. ఇంత చిన్న పనికి కంప్యూటరు ఫార్మాట్ చేయించుకోనక్కరలేదు.

5. వేడి, దుమ్ము

కాసేపు నడిచి దానంతట అదే ఆగిపోయే కంప్యూటరు తనను తాను కాపాడుకుంటోందని గ్రహించాలి. ప్రాసెసరు మితిమీరి వేడెక్కితే యంత్రం ఆగిపోయేలా ఏర్పాటు ఉంటుంది. వేడికి ముఖ్య కారణం ఫ్యానుకూ, దాని కింది లోహపు రేకులకూ పట్టిన దుమ్ము. షోలాపూరు, భివండీల వంటి చోట్ల మగ్గాలు నడిచే ఇళ్లలో ఇది ఇంకా ఎక్కువ. గాలిలో తేలే నూలు పీచు ఆ రేకుల మధ్య చేరి దుప్పటిలా పరుచుకుంటుంది. అటువంటి ఇళ్లలో రెండు నెలలకొకసారి, మిగతావారు ఆరు నెలలకొకసారి శుభ్రం చేసుకోవడం మంచిది.

ప్లగ్గు తీసి, కొత్త మెత్తని పెయింటు బ్రష్షుతో దుమ్ము దులపండి. ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకుని తుడవండి. తడి బట్ట లోపల తగలనీయకండి. వాక్యూమ్ క్లీనరు గొట్టం లోపల పెట్టవద్దు. దానివల్ల పుట్టే స్థిర విద్యుత్తు సున్నితమైన భాగాలను పాడుచేయవచ్చు. క్యాబినెట్ వెనుక గోడకు జానెడు ఖాళీ వదలండి. కంప్యూటరు నడుస్తున్నప్పుడు ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచడం దానికి ఊపిరాడకుండా చేయడమే.

లాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెట్టి వాడకండి. కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందేమో అనుమానించాలి. వెంటనే ఆపి, చార్జరు తీసి, మరమ్మతు చేసేవారి దగ్గరికి తీసుకెళ్లండి. దాన్ని నొక్కడం, గుచ్చడం చేస్తే మంటలు రావచ్చు.

6. నెమ్మదిగా నడుస్తుంటే

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్కు అనే వరుసలు చూడండి. ఏ పని చేయకుండానే డిస్కు దగ్గర 100 శాతం అని నిలిచిపోతే పాత హార్డ్ డిస్కు వేగం చాలడం లేదు. మెమరీ 90 దాటుతుంటే ర్యామ్ చాలడం లేదు. స్టార్టప్ అనే భాగంలో కంప్యూటరుతో పాటే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. రోజూ వాడనివి డిసేబుల్ చేయండి.

పాత కంప్యూటరుకు కొత్త ఊపిరి పోసే మార్పు ఒకటే చెప్పమంటే, హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయడం. తిరిగే పళ్లెం ఉండదు కాబట్టి అది ఎన్నో రెట్లు వేగంగా చదువుతుంది. కొత్త కంప్యూటరు కొనాలనుకునే తల్లిదండ్రులు ముందు ఈ మార్పు గురించి విచారించడం మంచిది. బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీటు, ముంబయి లామింగ్టన్ రోడ్డు వంటి చోట్ల విడిభాగాలు దొరుకుతాయి. బిల్లు, వారంటీ కార్డు లేకుండా మాత్రం కొనకండి.

7. హార్డ్ డిస్కు "టిక్ టిక్" అంటే

ఇది అన్నిటికంటే తీవ్రమైన గుర్తు. మామూలుగా నిశ్శబ్దంగా ఉండే డిస్కు గడియారంలా చప్పుడు చేస్తుంటే, ఫైళ్లు తెరవడానికి నిమిషాలు పడుతుంటే, కొన్ని ఫైళ్లు తెరుచుకోకపోతే అది చివరి రోజుల్లో ఉందనుకోవాలి. అప్పుడు డిస్కును పరీక్షించే, సరిచేసే ప్రోగ్రాములు నడపవద్దు. అవి డిస్కుకు ఇంకా పని పెడతాయి. అత్యవసరమైన ఫోల్డర్లు ముందు, సినిమాలు చివర అనే క్రమంలో వేరే డిస్కులోకి నకలు చేసుకోండి. మరమ్మతు సంగతి తర్వాత.

8. ఇంటర్నెట్ రాకపోతే

తప్పు కంప్యూటరుదా, లైనుదా అన్నది మొదట తేల్చాలి. అదే వైఫై మీద ఫోనులో సైటు తెరవండి. ఫోనులో వచ్చి కంప్యూటరులో రాకపోతే కంప్యూటరును ఆపి మళ్లీ పెట్టండి. రెంటిలోనూ రాకపోతే మోడెం ప్లగ్గు తీసి, ఒక నిమిషం ఆగి పెట్టండి. ఫైబర్ మోడెం మీద "ఎల్‌ఓఎస్" అని ఉన్న దీపం ఎర్రగా వెలిగితే ఫైబర్ లైను సంకేతం అందడం లేదని అర్థం. ఇక ఇంట్లో చేయగలిగింది లేదు. లైను ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు చేసి, అత్యవసరమైతే ఫోను హాట్‌స్పాట్‌తో దరఖాస్తు పూర్తిచేయండి.

9. తెలుగు అక్షరాల బదులు గళ్లు కనబడితే

తెలుగు రాష్ట్రాల వెలుపల ఉండే మనకు ఇది ప్రత్యేకమైన చిక్కు. బంధువులు పంపిన శుభలేఖ, సంఘం ప్రకటన తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. ఇది వైరస్ కాదు. పాత పద్ధతి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు ఇమిడ్చేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అసలు ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. పంపినవారిని పీడీఎఫ్ రూపంలో పంపమని అడగడం సులభమైన ఉపాయం.

మీరు టైపు చేసేది మాత్రం యూనికోడ్‌లోనే చేయండి. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది కాబట్టి ఏ ఊరి కంప్యూటరులోనైనా, ఫోనులోనైనా ఒకేలా చదవవచ్చు. విండోస్‌లో సెట్టింగ్స్, ఆ తర్వాత టైమ్ అండ్ లాంగ్వేజ్ లోకి వెళ్లి తెలుగు చేర్చుకుంటే కీబోర్డు వస్తుంది. 2019 నుంచి విండోస్‌లో ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం తెలుగు రాసే ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదివే పిల్లలు అమ్మమ్మకు తెలుగులో ఉత్తరం రాయడానికి ఇది మంచి దారి.

10. వైరస్, దొంగ ఫోన్లు

పెన్ డ్రైవ్‌లోని ఫోల్డర్లన్నీ ఉన్నట్టుండి షార్ట్‌కట్‌లుగా మారితే వాటిని నొక్కకండి. చాలాసార్లు అసలు ఫైళ్లు దాచిపెట్టి ఉంటాయి గాని పోవు. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్‌తో ముందు స్కాన్ చేయండి. బయట ప్రింటు తీయించిన పెన్ డ్రైవ్‌ను ప్రతిసారీ స్కాన్ చేశాకే తెరవడం అలవాటు చేసుకోండి.

"మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని తెరంతా నిండి, సైరను మోగితే అది మోసం. ఆల్ట్, ఎఫ్ 4 మీటలు కలిపి నొక్కి మూసేయండి. మూసుకోకపోతే కంప్యూటరు ఆపేయండి. మైక్రోసాఫ్ట్ పెట్టే హెచ్చరికల్లో ఫోను నంబరు ఉండదు. దూరం నుంచి కంప్యూటరు నడిపే ప్రోగ్రాము వేయమని ముక్కూమొహం తెలియనివారు చెబితే ఫోను పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

11. పాత విండోస్ ఉన్నవారికి

విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కంప్యూటరు నడుస్తూనే ఉంటుంది గాని కొత్తగా బయటపడే లోపాలకు మందు రాదు. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. చాలా పాత యంత్రాల్లో ఈ చివరిది ఉండదు.

అంతమాత్రాన పారేయనక్కరలేదు. లినక్స్ మింట్, ఉబుంటు వంటివి ఉచితంగా దొరుకుతాయి. లిబ్రె ఆఫీసుతో ఉత్తరాలు, లెక్కల పట్టికలు చేసుకోవచ్చు. తమిళనాడులో 2011లో మొదలైన ఉచిత లాప్‌టాప్ పథకంలో వచ్చిన యంత్రం ఇంట్లో ఉంటే, తమ్ముడికో చెల్లెలికో టైపింగు, ప్రోగ్రామింగు నేర్పడానికి ఈ దారిలో వాడుకోవచ్చు.

12. దుకాణానికి తీసుకెళ్లక తప్పకపోతే

ఇంట్లో చూసినవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. "పనిచేయడం లేదు" అనడం వేరు, "ర్యామ్ మార్చి చూశాం, అరగంట తర్వాత ఆగుతోంది" అనడం వేరు. రెండో మాట చెప్పేవారికి అనవసరపు భాగాలు అంటగట్టడం కష్టం.

ఫార్మాట్ మాట రాగానే "ముందు డేటా తీసి ఇస్తారా?" అని అడగండి. ఇవ్వలేమంటే వేరేచోటికి వెళ్లండి. కొత్త భాగం వేస్తే పాతది తిరిగి అడిగి తీసుకోండి. బ్యాంకు పాస్‌వర్డులు బ్రౌజరులో దాచి ఉంటే ముందే తీసేయండి. విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలా వాటిలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటుంది. మదర్‌బోర్డు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాప్‌టాప్ మొదలుపెట్టి ఉంటే ఆ కీ సాధారణంగా ఆ ఖాతాలోనే ఉంటుంది. ముందే తీసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.

13. నకలు లేని ఫైలు లేనట్లే

పైవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. ముఖ్యమైన ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు ఉండాలి. రెండు రకాల పరికరాల మీద ఉండాలి. ఒక ప్రతి ఇంటి బయట ఉండాలి. ఉదాహరణకు కంప్యూటరులో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, గూగుల్ డ్రైవ్ వంటి చోట ఒకటి. పెన్ డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అది జేబులోంచి జారిపోతుంది, చెప్పకుండా చెడిపోతుంది. నకలు తీశాక ఒకటి రెండు ఫైళ్లు తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు నకలు కాదు.

ఈ ఆదివారం చేయవలసిన పని

తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఒక గంట కేటాయించండి.

అ) "చదువు పత్రాలు" అని ఒక ఫోల్డరు చేసి మార్కుల జాబితాలు, ఆదాయ, కుల ధ్రువపత్రాలు, ఫొటో, సంతకం అందులో చేర్చండి. ఫైలు పేర్లు చూడగానే తెలిసేలా పెట్టండి. స్కాలర్‌షిప్పు సైట్లు ఫైలు సైజుకు పరిమితి పెడతాయి కాబట్టి చిన్న సైజు ప్రతి కూడా ఒకటి ఉంచండి.

ఆ) ఆ ఫోల్డరుకు రెండు నకళ్లు తీయండి.

ఇ) ఒక పాత నోటుపుస్తకాన్ని కంప్యూటరుకు కేటాయించండి. కొన్న తేదీ, వారంటీ గడువు, దుమ్ము దులిపిన తేదీ, వచ్చిన ఇబ్బంది, చేసిన పని అందులో రాయండి.

ఈ) తేదీ, ఫ్యాను, యూపీఎస్ మూడూ పరీక్షించండి. యూపీఎస్ ప్లగ్గు తీసి కంప్యూటరు ఎన్ని నిమిషాలు నిలుస్తుందో గడియారం పెట్టి చూసి పుస్తకంలో రాయండి. నిమిషం కూడా నిలవకపోతే బ్యాటరీ మార్చే వేళ అయింది.

ఈ పని ఇంట్లో ఒకరికే పరిమితం కాకూడదు. అన్నయ్య ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిన రోజున అమ్మకూ, చెల్లెలికీ ఆ పుస్తకం ఉపయోగపడాలి. నేర్చుకున్నవారు పక్కింటివారికి కూడా నేర్పగలరని ఆశిస్తున్నాం. దరఖాస్తును గడువుకు కనీసం వారం ముందే పంపడం అలవాటు చేసుకుంటే, కంప్యూటరు ఎప్పుడు మొరాయించినా మీ చదువు మాత్రం ఆగదు.